2007 రాక్, ఇండీ ఆల్బమ్‌లు: ముందు డ్రమ్స్ వినండి

ప్రశ్న: 2007 ఇండీ (పెద్ద రికార్డ్ కంపెనీల బయట పుట్టిన సంగీతం), రాక్ సంగీతానికి చాలా మంచి సంవత్సరమని అంటుంటారు. ఆ ఏడాది ఆల్బమ్‌లలో మీకు బాగా నచ్చినవి ఏవి? నేను ఇళయరాజా, రెహమాన్ పాటలు వింటూ పెరిగాను. రాక్ విందామని కూర్చుంటే పాడేవాళ్ల ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మీ ప్రశ్నలో చివరి మాట నుంచి మొదలుపెడతాను. ఇంగ్లీషు అర్థం కాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. పాట వినగానే ముందు సాహిత్యం వెతుక్కోవడం సినిమా పాటల వల్ల మనకు వచ్చిన అలవాటు. మన పాటలో గొంతు ముందుంటుంది, వాద్యాలు దాని వెనక నడుస్తాయి. రాక్‌లో చాలాసార్లు గొంతు కూడా వాద్యాల మధ్య మరో వాద్యం, అంతే. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లకు కూడా చాలా మాటలు పట్టుబడవు. కాబట్టి సాహిత్యాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి డ్రమ్స్ వినండి. డ్రమ్స్, దాన్ని అంటిపెట్టుకుని మంద్రంగా మోగుతూ నడిచే బేస్ గిటార్. ఆ రెండూ చెవికి పట్టుబడితే మిగతా పాట మెల్లగా దగ్గరవుతుంది.

ఇది నా సొంత అనుభవం. చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను, ఇంజినీరింగ్‌లో కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాను. 2007లో నాకు 22 ఏళ్లు, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం. అప్పట్లో మా స్నేహితులందరికీ రాక్ అంటే పింక్ ఫ్లాయిడ్, మెటాలికా, ఐరన్ మెయిడెన్. ఆ మార్చిలో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయిస్తుందని తెలిసి నలుగురం రాత్రి రైలెక్కి వెళ్లాం. నేను ఇక్కడ చెప్పబోయే ఆల్బమ్‌లు మాత్రం మాకు తెలిసిన ఏ సీడీ షాపులోనూ దొరికేవి కావు. అమెరికాలో చదువుకుంటున్న సీనియర్లు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల హార్డ్ డిస్క్‌ల నుంచి కాపీ చేసుకునేవాళ్లం. అందుకే వీటిలో కొన్నింటిని నేను ఆ ఏడాదిలో కాక, ఏడాది తర్వాత విన్నాను. ఇప్పుడు చెబుతున్న వరస కూడా అప్పటిది కాదు. ఇన్నేళ్ల తర్వాత ఇంకా ఏవి వింటున్నానో ఆ వరస.

అన్నిటికంటే ముందు రేడియోహెడ్ 'ఇన్ రెయిన్‌బోస్'. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ దగ్గర నుంచి వచ్చిన బ్యాండ్ ఇది. పాత రికార్డ్ కంపెనీతో ఒప్పందం అయిపోయాక కొత్తది ఏదీ రాసుకోకుండా ఈ ఆల్బమ్ చేశారు. 2007 అక్టోబరు 1న గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ తమ వెబ్‌సైట్‌లో రెండు మూడు వాక్యాలు పెట్టాడు. ఆల్బమ్ పూర్తయింది, పది రోజుల్లో వస్తుంది, పేరు ఇది అని. అక్టోబరు 10న డౌన్‌లోడ్‌కు పెట్టారు. ధర ఎంతో వాళ్లు చెప్పలేదు. కొనేవాళ్లు తమకు తోచినంత ఇవ్వొచ్చన్నారు, సున్నా వేసినా పాటలు వచ్చేవి. అంత పెద్ద బ్యాండ్ అలా చేయడం సంగీత వ్యాపారంలో అందరినీ కుదిపేసింది. నాకు దానివల్ల కలిగిన సంతోషం వేరు. నాకు తెలిసి మొట్టమొదటిసారి ఒక రాక్ ఆల్బమ్ లండన్‌కు, న్యూయార్క్‌కు, హైదరాబాద్‌కు ఒకే రోజు చేరింది. నా దగ్గర క్రెడిట్ కార్డు లేదు, సున్నా వేశాను. దాదాపు 50 ఎంబీ ఫైలు, 256 కేబీపీఎస్ కనెక్షన్, అరగంట పట్టింది. తర్వాత సీడీ వచ్చినప్పుడు డబ్బు కూడబెట్టి కొన్నాను, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇందులో మొదటి పాట '15 స్టెప్'. మీరు రాక్‌లోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే మంచి పాట నాకు తెలియదు. రాక్ పాటలు చాలావరకు నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తాయి. ఇది ఐదులో నడుస్తుంది. మన ఖండ చాపు (ఐదు లెక్కల తాళం) వాసన తెలిసినవాళ్లకు ఇది పరాయి పాటలా అనిపించదు. పాట పెట్టి 'తక తకిట, తక తకిట' అనుకుంటూ తొడ మీద వేయండి. 'తకిట తక' మీకు హాయిగా కుదిరితే అలాగైనా వేయండి. మొదట కంప్యూటర్‌లో చేసిన డ్రమ్స్ గరగరలాడుతూ వినిపిస్తాయి. కాసేపటికి గిటార్ చాలా మెత్తగా వచ్చి చేరుతుంది. గిటార్ వచ్చాక మీ లెక్క తప్పే ప్రమాదం ఉంది, ఎందుకంటే అది ఐదును ఐదులా వినిపించనివ్వదు, ఒక అలలా సాగదీస్తుంది. తప్పితే మళ్లీ మొదటి నుంచి పెట్టండి. నేను మొదటి రాత్రి ఆరేడుసార్లు పెట్టాను.

అదే ఆల్బమ్‌లో 'వియర్డ్ ఫిషెస్' మామూలు నాలుగు లెక్కే. డ్రమ్మర్ ఫిల్ సెల్వే ఒకే నడకను దించకుండా కొడుతుంటే పైన మూడు గిటార్లు మూడు వేర్వేరు వరసలను చినుకుల్లా విడివిడిగా రాలుస్తుంటాయి. మూడో నిమిషం దాటాక డ్రమ్స్ ఆగిపోతాయి. అప్పుడు తెలుస్తుంది, అంతసేపూ మనల్ని మోస్తున్నది ఏమిటో. ఆఖరి పాట 'వీడియోటేప్' ఇంకా లోతైనది. పియానో కొట్టే ప్రతి స్వరం తాళం మీద పడుతున్నట్టే ఉంటుంది కానీ నిజానికి అర దెబ్బ పక్కన పడుతుంది. వినేవాళ్లకు ఏదో అస్థిరంగా, కాలు నేల మీద ఆననట్టు ఉంటుంది, కారణం తెలియదు. ఎత్తుగడ తాళం మీద లేని కీర్తన విన్నప్పుడు కలిగే ఆ చిన్న తత్తరపాటు గుర్తుందా, అది. ఈ పాట చావు గురించి అని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. తెలియకముందే గుండె బరువెక్కేది.

రెండోది 'బాక్సర్'. బ్యాండ్ పేరు ద నేషనల్. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నుంచి న్యూయార్క్ చేరినవాళ్లు. ఐదుగురిలో నలుగురు రెండు జతల అన్నదమ్ములు. పాడే మాట్ బెర్నింజర్ గొంతు చాలా కిందిస్థాయిలో, గొణుగుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి వింటే ఇతను పాడుతున్నాడా, తనలో తాను మాట్లాడుకుంటున్నాడా అనిపిస్తుంది. ఇది వాళ్ల నాలుగో ఆల్బమ్. అప్పటికి మనుషులందరూ ముప్పై దాటినవాళ్లు, ఆఫీసు ఉద్యోగాల రుచి చూసినవాళ్లు. పాటలన్నీ ఆఫీసు బట్టలు, పార్టీలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని టెన్షన్, ఇంటికి పోదాం అన్న కోరిక. నేను కొత్తగా మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఏడాదే ఈ ఆల్బమ్ రావడం నా అదృష్టం.

మొదటి పాట 'ఫేక్ ఎంపైర్' పెట్టండి. మొదట పియానో, గొంతు మాత్రమే. ఆ పియానోలో మూడు లెక్క, నాలుగు లెక్క ఒకేసారి నడుస్తుంటాయి. మా గురువుగారు చేతితో నాలుగు వేయిస్తూ నోటితో తకిట చెప్పించేవారు. కొన్ని వారాల పాటు నోరు చేతిని, చేయి నోటిని లాగేసేవి. ఆ కసరత్తునే ఇక్కడ ఒక జోలపాటలా మార్చేశారు. విన్నవాడికి లెక్క ఉందనే తెలియదు, ఊయల ఊగుతున్నట్టు ఉంటుంది. సగానికి దగ్గరగా డ్రమ్స్ వస్తాయి. చివర్లో బూరలు వచ్చి అదే లెక్కను ఊరేగింపులా మోసుకుపోతాయి. 2008లో ఒబామా ప్రచారం వీడియోలో వాడింది ఈ పాట సంగీతాన్నే. పాట నిజానికి దేశం పరిస్థితి చూడలేక కళ్లు మూసుకున్నవాళ్ల గురించి. ప్రచారంలో విన్నవాళ్లకు అదే సంగీతంలో ఆశ వినిపించింది. సాహిత్యం లేకుండా వింటే పాట ఇంకోలా అర్థమవుతుందనడానికి నాకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

డ్రమ్మర్ పేరు బ్రయన్ డెవెన్‌డార్ఫ్. ఈ ఆల్బమ్‌కు నిజమైన కథానాయకుడు అతనే అని నా నమ్మకం. గిటార్లు నెమ్మదిగా, మర్యాదగా ఉంటాయి. గొంతు నిద్రమత్తులో ఉంటుంది. డ్రమ్స్ మాత్రం లోపల ఏదో రగిలిపోతున్నట్టు ఉంటాయి. పైకి ప్రశాంతంగా కనిపించే మనిషి నాడి పట్టుకుంటే గబగబా కొట్టుకుంటున్నట్టు. 'స్క్వాలర్ విక్టోరియా' పాటలో డ్రమ్స్ తప్ప ఇంకేమీ వినకండి, నేను చెప్పేది తెలుస్తుంది.

మూడోది మీరు ఊహించనిది. ఎం.ఐ.ఏ. ఆల్బమ్ 'కళ'. ఇది రాక్ కాదని వాదించేవాళ్లు ఉన్నారు, నిజమే, గిటార్లు చాలా తక్కువ. కానీ ఆ ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక మొదటి స్థానం ఇచ్చింది దీనికే, ఇండీ అభిమానులందరూ విన్నదీ ఇదే. ఇళయరాజా వింటూ పెరిగానన్నారు కాబట్టి మీకు ఇది ఇంటి తలుపు లాంటిది.

ఆమె అసలు పేరు మాతంగి అరుళ్‌ప్రగాసం, మాయా అని పిలుస్తారు. లండన్‌లో పుట్టి, చిన్నతనం కొంత శ్రీలంకలో, కొంత మద్రాసులో గడిపిన తమిళ అమ్మాయి. కళ ఆమె తల్లి పేరు. అమెరికా వీసా సమస్యల వల్ల అక్కడ చేయాలనుకున్న ఆల్బమ్‌ను దేశదేశాలు తిరుగుతూ చేయాల్సి వచ్చింది. అలా చెన్నై వచ్చి ఉరుమి అనే తోలు వాద్యం వాయించేవాళ్లతో రికార్డ్ చేసింది. అనంతపురం వైపు ఉరుముల నాట్యం చూసినవాళ్లకు ఆ తోలు మూలుగు వెంటనే గుర్తొస్తుంది. మొదటి పాట 'బాంబూ బంగా' పెట్టి కాస్త ఆగండి. లోపల తిరుగుతున్న ఆ ముక్క ఎక్కడిదో గుర్తుపట్టారా? 'దళపతి'లోది. తమిళంలో 'కాట్టుక్కుయిలు', మన దగ్గర 'సింగారాల పైరుల్లోన'. నేను మొదటిసారి విన్నప్పుడు బస్సులో ఉన్నాను. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి డ్రైవర్ పాటలేమైనా పెట్టాడేమోనని చూశాను. 'బర్డ్ ఫ్లూ' అనే పాటలో మన ఆర్.పి. పట్నాయక్ తమిళ 'జయం' కోసం చేసిన పాట ముక్క ఉంది. రాక్ వినేవాళ్లంతా తలకెత్తుకున్న ఆల్బమ్‌లో మన పట్నాయక్ ఉన్నారని చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు. ఇక 'పేపర్ ప్లేన్స్' మీకు తెలిసే ఉంటుంది, 'స్లమ్‌డాగ్ మిలియనేర్'లో వినిపించింది. దాని వెనక తిరిగే ట్యూన్ ద క్లాష్ అనే బ్రిటిష్ పంక్ (ముతకగా, కోపంగా సాగే రాక్) బ్యాండ్ 1982లో చేసిన 'స్ట్రెయిట్ టు హెల్' నుంచి తీసుకున్నది. వలస వచ్చినవాళ్లను దగ్గరకు రానివ్వని లోకం గురించి ఆ పాట. పాతికేళ్ల తర్వాత వలస వచ్చిన ఇంటి అమ్మాయి దాన్ని తన పాటకు పునాదిగా పెట్టుకుంది. అలా ఈ ఆల్బమ్ పట్టుకుని మీరు దళపతి నుంచి పంక్ దాకా ఒక్క గంటలో వెళ్లొచ్చు.

ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ వాళ్ల 'సౌండ్ ఆఫ్ సిల్వర్' నాలుగోది. దాదాపు అంతా ఒక్క మనిషి పని, జేమ్స్ మర్ఫీ అని న్యూయార్క్ వాసి. అప్పటికి 37 ఏళ్లు, డాన్స్ సంగీతం చేసేవాళ్లలో పెద్దవాడి కిందే లెక్క. 'ఆల్ మై ఫ్రెండ్స్' ఏడున్నర నిమిషాల పాట. పియానో మీద రెండంటే రెండు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మొదటి నుంచి చివరిదాకా కొడుతూనే ఉంటారు. మొదట్లో ఆ పియానో కొంచెం తడబడుతుంది కూడా, మనిషి చెయ్యి అలసిపోతున్నట్టు. దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచారు. అక్కడికి డ్రమ్స్ వచ్చి, బేస్ వచ్చి, ఒక్కొక్కటే పైన పేరుకుంటాయి. పల్లవి లేదు. చివర్లో మాత్రం ఒక్క వాక్యం నిలుస్తుంది, నా స్నేహితులందరినీ ఈ రాత్రి చూడగలిగితే అన్న అర్థంలో. 22 ఏళ్లప్పుడు నాకు ఇది మంచి బీట్ ఉన్న పాట, అంతే. రైలెక్కి బెంగళూరు వెళ్లిన మా నలుగురిలో ముగ్గురు ఇప్పుడు మూడు దేశాల్లో ఉన్నారు. ఈ పాట నేను ఎక్కువగా వినను. విన్నరోజు ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాను.

స్పూన్ అనే టెక్సస్ బ్యాండ్ ఆల్బమ్ 'గా గా గా గా గా'. మనకు గాంధారం గుర్తొస్తుంది గానీ, ఇందులో ఒక పాటలో పియానో ఆగకుండా కొట్టే చప్పుడే ఆ పేరు. పది పాటలు, 36 నిమిషాలు. ఎంత వాయించాలో కాదు, ఎంత వాయించకూడదో తెలిసినవాళ్లు. ప్రతి దెబ్బ చుట్టూ ఖాళీ ఉంటుంది. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు నేను మొదట ఇచ్చే ఆల్బమ్ ఇది. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున బాటిల్స్ బ్యాండ్ 'మిర్రర్డ్' ఉంటుంది. అందులో 'అట్లస్' పాటలో జాన్ స్టేనియర్ కొట్టుడు యంత్రం పనిచేస్తున్నట్టుంటుంది. అతని సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లెం) తల కంటే చాలా ఎత్తున ఉంటుంది, కొట్టాలంటే చెయ్యి పైకి చాచాలి. అందుకే ఊరికే కొట్టడు. ఆర్కిటిక్ మంకీస్ రెండో ఆల్బమ్‌లో 'బ్రయన్‌స్టార్మ్' ఒక్కటి తప్పకుండా వినండి, డ్రమ్మర్ మ్యాట్ హెల్డర్స్ వేగం కోసం. మిగతా ఆల్బమ్ వాళ్ల మొదటిదానంత నాకు పట్టలేదు.

ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ 'నియాన్ బైబిల్' ఆ ఏడాది చాలా జాబితాల్లో ఉంది, కాబట్టి దాని గురించి చెప్పాలి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో పాత చర్చిని కొని, దాన్నే స్టూడియోగా మార్చుకుని చేశారు. ఇంకో చర్చిలోని పెద్ద పైప్ ఆర్గన్ (గొట్టాల్లో గాలితో మోగే వాద్యం) వాడారు, బుడాపెస్ట్ వెళ్లి ఆర్కెస్ట్రాను రికార్డ్ చేశారు. అంత శ్రమకు నాకు గౌరవం ఉంది. 'ఇంటర్వెన్షన్'లో ఆ ఆర్గన్ మొదలైనప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజం. కానీ ఆల్బమ్ మొత్తం వింటే ఊపిరాడదు. అన్నీ ఒకేసారి గట్టిగా మోగుతుంటే డ్రమ్స్ అడుగున పడిపోతాయి, ఏ వాద్యం ఎక్కడుందో తెలియదు. 2004లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'ఫ్యూనరల్' దీనికంటే చాలా మంచిదని నా అభిప్రాయం. నాతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకూ వాళ్ల కారణాలున్నాయి.

విల్కో బ్యాండ్ 'స్కై బ్లూ స్కై'ని అప్పట్లో చాలామంది ముసలి సంగీతమని కొట్టిపారేశారు. నేనూ వాళ్లలో ఒకణ్ని, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'ఇంపాసిబుల్ జర్మనీ'లో నెల్స్ క్లైన్ గిటార్ కోసం ఒక సాయంత్రం కేటాయించండి.

ఆఖరున, డ్రమ్స్ వినమని ఇంతసేపు చెప్పిన నేనే, డ్రమ్స్ దాదాపు లేని ఆల్బమ్ ఒకటి ఇస్తున్నాను. బాన్ ఇవేర్ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. ఆ పేరుతో పాడింది జస్టిన్ వెర్నన్ అనే కుర్రాడు. ఉన్న బ్యాండ్ విడిపోయింది, ఒంట్లో బాగాలేదు. 2006 చలికాలంలో విస్కాన్సిన్ అడవుల్లో తండ్రికి ఉన్న వేట గుడిసెకు వెళ్లి మూడు నెలలు ఒంటరిగా ఉన్నాడు. దగ్గరున్న కొద్దిపాటి సామానుతో ఈ పాటలు చేశాడు. 2007 జులైలో సొంతంగా కొద్ది కాపీలే వేశాడు, పెద్ద లోకానికి చేరింది మరుసటి ఏడాది. తన గొంతునే పైస్థాయిలో మళ్లీ మళ్లీ పాడి, పొరలు పొరలుగా పేర్చాడు. మాటలు ముందు పుట్టలేదు. ముందు రాగాన్ని ఊరికే శబ్దాలతో పాడుకుని, తర్వాత ఆ శబ్దాల్లోంచి మాటలు ఏరుకున్నాడు. అందుకే ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కూడా ఇందులో చాలా వాక్యాలకు అర్థం చెప్పడం కష్టం. ఇక్కడ మీరూ, విస్కాన్సిన్‌లో పుట్టినవాళ్లూ ఒకే చోట నిలబడి వింటున్నట్టు. నెలరోజులు డ్రమ్స్ లెక్కపెట్టాక, ఒక రాత్రి లైటు ఆపేసి ఇది పెట్టుకోండి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, బేస్ అసలు వినిపించదు, నేను చెప్పినదంతా వృథా అవుతుంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. పాటల వరస మార్చకండి. ఈ రాత్రికి '15 స్టెప్' ఒక్కటి పెట్టుకుని ఐదు లెక్క వేసి చూడండి. ఎన్నో సెకను దగ్గర తప్పిందో రాయండి, అక్కడ గిటార్ ఏం చేస్తోందో విడమరిచి చెబుతాను.